రాటిల్‌స్నేక్‌ల కదలికలను మ్యాపుల్లో గీయడం వల్ల ఒరిగేదేమిటి?

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో కొత్తగా ఇల్లు కొనుక్కున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. తోక చివర గిలక ఆడించే ఈ విషపాముల ఒంట్లో రేడియో ట్రాన్స్‌మిటర్లు పెట్టి, ఏళ్ల తరబడి వాటి వెంట తిరగడం దేనికి, పెరట్లో కనిపించినదాన్ని పట్టి దూరంగా ఎడారిలో వదిలేస్తే సరిపోదా అని వారి సందేహం. అక్కడి టూసాన్ నగరం పక్కన అటువంటి అధ్యయనంలో రెండేళ్లు స్వచ్ఛందంగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, సరిపోదు. అలా వదిలేసిన పాము చాలాసార్లు బతకదు, ఆ సంగతి మనకు తెలిసింది కూడా ఈ మ్యాపుల వల్లనే.

మేము 742 అని పిలిచిన పాము గురించి చెబుతాను. అది వెస్టర్న్ డైమండ్‌బ్యాక్ అనే రాటిల్‌స్నేక్ జాతికి చెందిన మగపాము, ఆ మూడంకెలు దాని ట్రాన్స్‌మిటర్ ఫ్రీక్వెన్సీలో చివరివి. పాముకు పట్టీ కట్టడానికి మెడా భుజాలూ ఉండవు, బండల కింద దూరితే జీపీఎస్ సంకేతం అందదు. అందువల్ల పశువైద్యులు మత్తు ఇచ్చి, పాము బరువులో అయిదు శాతానికి మించని చిన్న ట్రాన్స్‌మిటర్‌ను దాని పొట్టలో అమర్చి, సన్నని యాంటెన్నా తీగను చర్మం కిందుగా పోనిస్తారు. ఆపైన మనిషే యాంటెన్నా పట్టుకుని, కాలినడకన వెళ్లి దాన్ని వెతుక్కోవాలి.

జూన్ నెలలో ఒకనాడు తెల్లవారుజామున ఇసుక వాగు దాటి, చేతిలోని రిసీవర్‌లో బీప్ శబ్దం పెరిగేకొద్దీ దాని గెయిన్, అంటే సంకేతాన్ని పెంచి వినిపించే మోతాదు, తగ్గించుకుంటూ ఒక నాగజెముడు పొద దగ్గరికి చేరాను. రిసీవర్ నుంచి యాంటెన్నా తీగ ఊడదీసినా బీప్ శబ్దం వినిపిస్తూనే ఉందంటే పాము రెండు మూడు అడుగుల లోపే ఉందన్నమాట, కానీ పది నిమిషాలు చూసినా నాకు కనిపించలేదు. ప్యాక్‌రాట్ అనే ఎలుక పుల్లలతో, ముళ్లకాయలతో పేర్చుకున్న గూటి అంచున మొదట తోక మీది నలుపు తెలుపు పట్టీలు, ఆ తరువాత మట్టి రంగులోనే ఉన్న చుట్ట మొత్తం కనిపించాయి. అది గిలక ఆడించలేదు, తల కూడా ఎత్తలేదు. మనిషిని చూస్తే చాలు వెంటపడుతుందని వాట్సాప్‌లో వీడియోలు పంపేవారు ఒక్కసారి ఆ పొద పక్కన నిలబడితే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

చలికాలమంతా దక్షిణ ముఖంగా ఉన్న కొండవాలులో బండల నెర్రెల్లో గడిపి, మార్చిలో బయటికొచ్చి, క్రియోసోట్ పొదల మైదానంలోకి దిగి, చలి మొదలయ్యే నాటికి మళ్లీ అదే నెర్రెకు చేరడం 742 అలవాటు. రెండో ఏడు వేసవిలోనూ మొదటి ఏడు వెళ్లిన పొదలకే వెళ్లడం చూశాక, ఎక్కడ నీడ ఉంటుందో, ఎక్కడ ఎలుక దొరుకుతుందో దానికి తెలుసునని నేను నమ్మాను. మ్యాపు మీద చుక్కల చుట్టూ గీత గీసి, అదే దాని సంచార పరిధి అని చూపించే పద్ధతి నాకు నచ్చదు. పాము ఎన్నడూ కాలు మోపని, అదే, పొట్ట మోపని నేల కూడా ఆ గీత లోపలికి వచ్చేస్తుంది, అది వదలకుండా తిరిగి వచ్చే నాలుగైదు పొదలు మాత్రం ఎవరి కంటికీ ఆనవు.

ఆ రెండో ఏడు ఆగస్టులో 742 సంకేతం ఒక్కసారిగా మాయమైంది. మైదానం అంచున కొత్తగా వెలసిన కాలనీలో ఎవరి పెరట్లోనో కనిపిస్తే, పాములు పట్టేవారు వచ్చి, ఇరవై మైళ్ల అవతల వదిలేశారని తరువాత తెలిసింది. తొమ్మిది రోజులు వెతికి, ఒక గుట్టెక్కితే గాని దాని శబ్దం మాకు అందలేదు. అక్కడి నుంచి అది దాదాపు ప్రతిరోజూ ఒక దిక్కంటూ లేకుండా తిరిగింది, తన సొంత చోటులో వేసవంతా నడిచిన దానికన్నా ఎక్కువ దూరం మూడు వారాల్లో నడిచింది. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం బీప్‌లు చాలా వేగంగా వినిపించాయి. ఒంటి వేడి పెరిగితే బీప్‌ల మధ్య వ్యవధి తగ్గేలా ఆ ట్రాన్స్‌మిటర్లు తయారవుతాయి. స్టాప్‌వాచ్‌తో లెక్కించి పట్టికలో చూస్తే, బతికున్న పాము భరించలేనంత వేడి అని తేలింది. అది ఎక్కడుందో కనిపించక ముందే, చనిపోయిందని నాకు అర్థమైంది. మేము వెళ్లేసరికి నీడ లేని గులకరాళ్ల మీద ఎండిపోయి ఉంది.

ఇది ఒక్క పాము కథ కాదు. పెన్సిల్వేనియా అడవుల్లో టింబర్ రాటిల్‌స్నేక్‌ల మీద రైనర్ట్, రూపర్ట్ అనే పరిశోధకులు చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, వేరే చోటికి తరలించిన పాముల్లో సగానికి పైగా చనిపోయాయి, అక్కడివే అయిన పాముల్లో మరణాలు అంతకన్నా చాలా తక్కువ. అయితే అన్ని చోట్లా పాముల నడక ఒకే తీరుగా ఉండదు. వయోమింగ్ గడ్డినేలల్లోని ప్రెయిరీ రాటిల్‌స్నేక్‌లు చలికాలపు నెలవు వదిలి కిలోమీటర్ల కొద్దీ దాదాపు తిన్నగా సాగిపోతాయి. కాబట్టి ఒక చోట గీసిన మ్యాపుతో మరోచోటి పాముల గురించి తీర్పు చెప్పేయకూడదు, ఏ నేలకు ఆ నేలలో తిరిగి చూడవలసిందే.

మేము పనిచేసిన కొండ పేరు మాత్రం అడగకండి. పాములు గుంపుగా చలికాలం గడిపే నెలవుల జాడ బయటపడితే, వాటిని పట్టి అమ్ముకునేవారు, అక్కడికక్కడే చంపేవారు వస్తారు. టెక్సాస్‌లోని స్వీట్‌వాటర్‌లో 1958 నుంచి రాటిల్‌స్నేక్‌లను పట్టి తెచ్చే జాతర ఏటా జరుగుతోందని మరచిపోకూడదు.

మీ పెరట్లో పాము కనిపిస్తే పిల్లలనూ కుక్కనూ లోపలికి పిలిచి, పట్టేవారికి ఫోన్ చేయండి. వారు వచ్చాక ఎంత దూరంలో వదులుతారో తప్పక అడగండి, దగ్గరలోనే, బండలో పొదలో ఉన్న నీడ పట్టున వదలమని పట్టుబట్టండి. ఎండ వేళ బోసి నేల మీద దాన్ని వదలనివ్వకండి. పెరటి గేటు కింద సందు ఉంటే ఈ వారంలోనే పూడ్పించండి.