పెళ్లిరోజు నెక్లెస్‌కు పర్సనల్ లోనా?

ప్రశ్న: మాది విజయవాడ. ప్రైవేటు ఉద్యోగం, నెలకు 68,000 చేతికొస్తుంది. ఇంటి ఖర్చు 45,000. నేను, మా ఆవిడ, ఐదేళ్ల పాప, అమ్మానాన్న కలిసి ఉంటాం. నాన్నకు షుగర్ ఉంది. పదో పెళ్లిరోజుకు మా ఆవిడకు 4.80 లక్షల వజ్రాల నెక్లెస్ కొందామని 10,000 అడ్వాన్స్ ఇచ్చాను. ‘ఇది ఖర్చు కాదు సార్, ఇన్వెస్ట్‌మెంట్. తరతరాలు నిలిచే హెరిటేజ్ పీస్, 100 శాతం ఎక్స్చేంజ్ ఉంది’ అని షాపులో చెప్పారు. 4 లక్షలు పర్సనల్ లోన్ (14 శాతం, మూడేళ్లు), 70,000 ఆమె గాజుల మీద గోల్డ్ లోన్ తీసుకోవాలని ఆలోచన. బ్యాంకులో 70,000 ఉన్నాయి. కంపెనీ హెల్త్ పాలసీ 3 లక్షలకు ఉంది, అందులో అమ్మానాన్న లేరు. ఎస్టిమేట్ జత చేశాను. ముందుకు వెళ్లమంటారా?

జవాబు: వద్దండీ. భార్యకు నగ కొనాలనుకోవడంలో తప్పేమీ లేదు. దాన్ని పెట్టుబడి అని నమ్మి అప్పు చేయడం దగ్గరే నాకు భయం. వాచీలు, హ్యాండ్‌బ్యాగుల విషయంలోనూ చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ ఎస్టిమేట్ చూడండి. 18 క్యారెట్ల బంగారం 1,52,000. వజ్రాలు 2,52,000. మజూరీ 62,000. జీఎస్టీ 13,980. చివరి రెండూ కలిపి దాదాపు 76,000, బిల్లు కట్టిన నిమిషంలోనే పోయినట్టు. ఇక రేపు అవసరం పడి ఈ నెక్లెస్‌ను బ్యాంకుకు తీసుకెళ్లారనుకోండి. నగల విలువ కట్టే అప్రైజర్ తూకం వేసి, రాళ్ల బరువు తీసేసి, మిగిలిన బంగారానికే విలువ కడతాడు. 4.80 లక్షల నగ మీద మీ చేతికొచ్చేది లక్షా చిల్లర. ‘100 శాతం ఎక్స్చేంజ్’ అంటే ఆ షాపులోనే ఇంకో నగ కొంటే లెక్కలోకి తీసుకుంటారని. డబ్బే కావాలంటే ఎంతిస్తారో కాగితం మీద రాసివ్వమని అడగండి. సేల్స్‌మన్ గొంతు అక్కడే మారుతుంది.

‘తరతరాలు’ అనే మాట ఊరికే పుట్టింది కాదు. వజ్రం శాశ్వతమన్న నినాదాన్ని డీబీర్స్ అనే వజ్రాల కంపెనీ కోసం 1947లో ఒక ప్రకటనల సంస్థ ఉద్యోగిని ఫ్రాన్సిస్ గెరెటీ రాశారు. శాశ్వతమైనదాన్ని ఎవరూ అమ్ముకోరు. అమ్మబోతే ఎంత వస్తుందో కూడా తెలియదు. 1980ల్లో అదే కంపెనీ ప్రకటనలు ఉంగరానికి రెండు నెలల జీతం పెట్టాలని అమెరికా మగవాళ్లకు నేర్పాయి. ఎంత ఖర్చు పెట్టాలో అమ్మేవాడే కొలత ఇచ్చాడు! ఆస్ట్రేలియాలో ఆర్గైల్ గనిలో ఎక్కువగా దొరికింది గోధుమ రంగు వజ్రాలు. ఎవరూ పెద్దగా ఇష్టపడని ఆ రాళ్లను ‘షాంపేన్’, ‘కాన్యాక్’ అనే పేర్లతో అమ్మారు. రాయి అదే, గిరాకీ పెంచింది మాత్రం పేరు. మీ షాపులో వినిపించిన ‘హెరిటేజ్ పీస్’ కూడా ఈ కోవలోదే.

మీకు కూడా ‘రోజుకు 450 రూపాయలే సార్’ అని చెప్పే ఉంటారు. ఈఎంఐ నెలకు సుమారు 13,670. మూడేళ్లలో వడ్డీయే 92,000 పైచిలుకు. మీకు నెలకు మిగిలేది 23,000. అందులోంచి ఇది పోను, గోల్డ్ లోన్ వడ్డీ కూడా కట్టాలి. మెడలోకి నగ కోసం చేతి గాజులు తాకట్టు పెట్టడం ఏం లెక్కండీ? మీ ఇంట్లో కష్టానికి ఆదుకునే ఆస్తి ప్రస్తుతం ఆ గాజులే. వాటి జోలికి వెళ్లకండి.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది మీరు చివర్లో రాసిన వాక్యాలు. ఐదుగురున్న ఇంటికి 70,000 అంటే నెలన్నర ఖర్చు. ఉద్యోగం పోతే జీతంతో పాటు కంపెనీ హెల్త్ పాలసీ కూడా అదే రోజు పోతుంది. నాన్నగారికి షుగర్ ఉంది, పాలసీ లేదు. ఆయన ఒక్కసారి ఐసీయూలో చేరితే ఆ 70,000 ఎన్ని రోజులు వస్తాయి? అప్పుడు ఈఎంఐ ఎవరు కడతారు?

కాబట్టి వరుస ఇదీ. ముందు అమ్మానాన్నలకు విడిగా హెల్త్ పాలసీ తీసుకోండి. షుగర్ సంగతి దాచకుండా రాయండి. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వని గడువు, ఉండొచ్చు, అందుకే ఈ నెలలోనే మొదలుపెట్టాలి. మీ ముగ్గురికీ కలిపి 10 లక్షల హెల్త్ పాలసీ (ఫ్లోటర్), మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే కోటి రూపాయల టర్మ్ పాలసీ మీ పేరున ఉండాలి. ఆ తర్వాత ఆరు నెలల ఖర్చు, అంటే 2.70 లక్షలు, ఎఫ్‌డీలోనో, త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్ అయిన లిక్విడ్ ఫండ్‌లోనో చేరాలి. అప్పు లేకపోతే ప్రీమియంలు పోను ఏడాది, ఏడాదిన్నరలో ఇది పూర్తవుతుంది. బంగారాన్నే పెట్టుబడిగా చూస్తే షేర్లలా కొనే గోల్డ్ ఈటీఎఫ్ చాలు, మజూరీ ఉండదు. ల్యాబ్‌లో తయారుచేసిన వజ్రాలు చవకే కానీ మళ్లీ అమ్మితే ఇంకా తక్కువ వస్తుంది. ఆ ఆరు నెలల నిధి నిండాక నెలనెలా పక్కన పెట్టిన డబ్బుతో నెక్లెస్ కొనండి, నేనేమీ అనను.

అడ్వాన్స్ పోతుందని మాత్రం మిగతా 4.70 లక్షలు కట్టకండి. వెనక్కి అడగండి. తిరిగి ఇవ్వలేమంటే ఆ 10,000కు సరిపడా ఒక వజ్రపు ముక్కుపుడక తీసుకుని పెళ్లిరోజున ఆవిడకివ్వండి. పాలసీ కాగితాల సంగతి కూడా ఆ రోజే ఆవిడతో కూర్చుని మాట్లాడండి.