బోర్డు మీద రేపటి వాన రాయకు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, నీ బిడ్డ కూడా నీలాగే బడి గేటు దగ్గర బోర్డు పెట్టిస్తుందట, రోజూ రాస్తుందట" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు, ఒక పక్క సంతోషం, ఒక పక్క టెన్షన్. నర్సంపేట దిక్కు పనిచేసినప్పుడు పదకొండేళ్లు రాశాను ఆ బోర్డు. ఒక చరిత్ర ముక్క, ఒక వింత సంగతి, వాతావరణం, చివర్లో మన మనసులో మాట ఒకటి. చదివేవాళ్లకు నాలుగు వరుసలే కానీ రాసేవాళ్లకు పొద్దున లేచిన దగ్గరి నుంచి ధ్యాసంతా దాని మీదే. నువ్వు ఈ పని ఎత్తుకున్నావంటే నా గుండె నిండింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను, ఫోన్‌లో అయితే నువ్వు "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు.

సుద్దముక్క నీళ్లలో ముంచి రాయి, ఆరాక అక్షరం తెల్లగా నిలబడుతుంది. బోర్డు చిన్న పిల్లల కళ్లకు అందే ఎత్తులో కొట్టించు. ఆదివారం రాయకు. మిగతావి నీకు తెలిసినవే.

చరిత్ర ముక్కకు ఫోన్‌లో తిరిగే మెసేజ్‌లు నమ్ముకోకు. మన దగ్గర రాళ్లే మాట్లాడతాయి. వేయి స్తంభాల గుడి శాసనంలో సంవత్సరం ఉంది, 1163 నాటిది. రామప్ప గుడి 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించింది, 2021 జులై 25న యునెస్కో జాబితాలో చేరింది. పిల్లలు ఎప్పుడు అడిగినా వేలు పెట్టి చూపించగలిగిన సంగతులు ఇవి. ఒకసారి నేను రుద్రమదేవి మరణం గురించి రాశాను. అది తెలిసింది ఓరుగల్లు కోటలో ఉన్న రాయి వల్ల కాదు, నల్లగొండ దిక్కు చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం వల్ల. ఆ రోజు ఒక పిల్లవాడు "మన రాణి సంగతి వేరే ఊరి రాయి చెప్పుడేంది టీచర్?" అని అడిగాడు. పాఠం మొత్తం పక్కన పెట్టి ఆ గంటంతా దాని మీదే మాట్లాడుకున్నాం.

తేదీకి సరిపడేవి కూడా వెతుక్కో. పి.వి. నరసింహారావు పుట్టింది 1921 జూన్ 28న, నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో. కాళోజీ పుట్టింది 1914 సెప్టెంబర్ 9న, అదీ కర్ణాటకలోని రట్టిహళ్లిలో, పెరిగింది మన మడికొండలో. ఇట్లాంటివి రాస్తే రోడ్డు మీద పోయే పెద్దవాళ్లు కూడా సైకిల్ ఆపి చదువుతారు.

ఇక వాతావరణం. ముందు కొలవడం నేర్చుకో. గోడలు నిటారుగా ఉన్న స్టీలు డబ్బా ఒకటి బడి ఆవరణలో ఆరుబయట పెట్టు, చెట్టు కిందా వద్దు, చూరు పక్కా వద్దు. పొద్దున ఎనిమిదిన్నరకు స్కేలు దించి చూడు, వాతావరణ శాఖవాళ్లు లెక్క తీసేదీ ఆ వేళకే. డబ్బాలో నీళ్లు ఎన్ని మిల్లీమీటర్లుంటే అంతే వాన, ఏ లెక్కా అక్కర్లేదు. ఒక మిల్లీమీటరు అంటే మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న నేల మీద ఒక లీటరు నీళ్లని పిల్లలకు చెప్పు. టీవీలో "భారీ వర్షం" అంటే ఉత్త మాట కాదని, ఒక రోజులో 64.4 మిల్లీమీటర్లు దాటితేనే ఆ మాట వాడతారని, 204.4 దాటితే "అత్యంత భారీ" అంటారని చెప్పు. కార్తెలు కూడా రాయి. ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది, ఆ రోజు ఇంటింటా చేపల కూరే కదా, పిల్లలకు మనం వేరే గుర్తు చేయాల్సిన పని లేదు.

ఇంతవరకూ సులువే. ఇప్పుడు చెప్పేది మాత్రం నిదానంగా చదువు. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

1990ల్లో ఒక ఏడాది, మార్చి నెల. మిరప కోతలు అయిపోయి ఊరి చుట్టూ కల్లాలన్నీ ఎర్రగా ఉన్నాయి. అప్పట్లో మా దిక్కు చపాట మిర్చి ఎక్కువ వేసేవాళ్లు, టమాటా లెక్క లావుగా, రంగు ఎక్కువ, కారం తక్కువ. రోజూ పొద్దున రేడియో విని వాతావరణం వరుస రాసేదాన్ని. ఆ రోజు రేడియోలో బ్యాటరీలు అయిపోయాయి. బడికి వచ్చాను, మిగతా మూడు వరుసలు రాశాను, వాతావరణం వరుస ఖాళీగా కనిపిస్తోంది. ఆకాశం చూశాను, ఒక్క మబ్బు లేదు. "ఇవాళ, రేపు ఎండ బాగా కొడుతుంది, వాన జాడ లేదు" అని రాసేశాను. ఖాళీగా ఉంచడం ఇష్టం లేక రాశాను, అంతే. అంతకు ముందు కూడా రెండు మూడుసార్లు అట్లా ఆకాశం చూసి రాస్తే నిజమయ్యాయి. "టీచరమ్మ రాసిందంటే రాసిందే" అని ఊళ్లో అనేవాళ్లు, ఆ మాట నాకు బాగా ఎక్కింది.

మా బడిలో ఏడో తరగతి చదివే పిల్ల ఒకతి ఉండేది. వాళ్ల నాయనకు చదువు రాదు. పొద్దున చేనుకు పోతూ బోర్డు దగ్గర ఆగి ఆ పిల్లతో చదివించుకునేవాడు, ఆ పిల్ల వేలు పెట్టి ఒక్కో మాటా పైకి చదివేది. ఆ రోజు కూడా చదివింది. ఆయన కల్లం మీద కప్పడానికి పక్క ఊరి నుంచి పరదాలు కిరాయికి తెచ్చుకున్నాడు, రోజు కిరాయి ఎందుకు దండగ అని సాయంత్రం తిరిగి ఇచ్చేశాడు. రాత్రి పదకొండు దాటాక గాలి లేచింది. ఆ వెనకే వాన. నాకు మెలకువ వచ్చి, మంచం మీద కూర్చుని, రేకుల మీద చప్పుడు వింటూ, ఎవరి కల్లం ఎక్కడుందో ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను. అప్పటికీ నా బోర్డు సంగతి నాకు తట్టలేదు చూడు.

పొద్దున బడికి పోయేసరికి ఆ పిల్ల బోర్డు ముందు నిలబడి ఉంది. వానకు అక్షరాలు సగం కరిగి కారిపోయాయి, చూరు కింద ఉన్న సగం మిగిలింది. నన్ను చూసి, "టీచర్, నేను తప్పు చదివానా?" అని అడిగింది.

బిడ్డా, నేను ఇన్నేళ్లు ఉద్యోగం చేశాను, ఎన్నో మాటలు పడ్డాను. ఆ ఒక్క ప్రశ్న ఇప్పటికీ గొంతులో అడ్డం పడుతుంది. ఆ పిల్ల రాత్రంతా తన చదువే తప్పనుకుంది. నా రాత తప్పు కావచ్చన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

మధ్యాహ్నం వాళ్ల కల్లానికి పోయాను. కాయలన్నీ నీళ్లలో నాని ఉబ్బాయి, తొడిమలు ఊడిపోతున్నాయి, కల్లం అంచున సన్నగా ఎర్ర నీళ్లు పారుతున్నాయి. అందరితో పాటు నేనూ కూర్చుని తడి కాయలు ఏరి పలచగా పరిచాను. రెండు రోజులు చేతులు మండాయి, అన్నం చెంచాతో తిన్నాను. ఎండ మళ్లీ వచ్చింది కానీ రంగు పోయింది, చాలా కాయ తెల్లబడింది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో తాలు కింద, అంటే నాసి కాయ కింద పోయింది, తాలుకు ఏం వస్తుంది చెప్పు. నేను డబ్బు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. "వాన ఎవరి చేతిలో ఉంది టీచరమ్మా" అన్నాడు కానీ నా మొహం చూడలేదు. ఆ తరువాత చాలా రోజులు బోర్డు దగ్గర ఆగకుండా పోయేవాడు.

మర్నాడు బోర్డు మొత్తం తుడిచి ఒక్కటే రాశాను: "మొన్న వాన రాదని నేను రాసింది తప్పు. రేడియో వినకుండా, తెలియకుండా రాశాను. చదివినవాళ్ల తప్పేం లేదు." ఆ పిల్లను పిలిచి అందరి ముందు దాన్ని చదివించాను. ఆ రోజు నుంచి నేను చూసింది రాస్తే "చూశాను" అని, విన్నది రాస్తే ఎవరి దగ్గర విన్నానో రాశాను. తెలియకపోతే వరుస ఖాళీగా ఉంచాను. మొదట్లో ఆ ఖాళీ కళ్లకు గుచ్చుకునేది. నీకూ గుచ్చుకుంటుంది, గుచ్చుకోనీ. ఇప్పుడు నీ ఫోన్‌లో గంట గంటకూ వాన చూపించే బొమ్మలు వస్తాయి, ఒక యాప్ ఒకటి చెబితే ఇంకోటి ఇంకోటి చెబుతుంది. వాటిని చూసి రాయకు. రాయాల్సి వస్తే వాతావరణ కేంద్రం పేరు పెట్టి, ఏ పూట చెప్పిందో పెట్టి రాయి. మీ ఊళ్లో పత్తి, మిర్చి, వడ్లు అన్నీ ఆరబోసేవాళ్లున్నారు. వాళ్ల పిల్లలు నీ దగ్గరే చదువుతున్నారు.

వాన లెక్క అన్నాను కదా అని ఉరుముల్లో డబ్బా దగ్గరికి ఉరికేవు! అది మాత్రం వద్దు. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లుంటే పిడుగు కిలోమీటరు దూరంలో పడ్డట్టు, పిల్లలకు ఈ లెక్క నేర్పు, కానీ గదిలో కూర్చుని నేర్పు. ఉరుము వినపడిందంటే పిడుగుకు నువ్వు అందే దూరంలోనే ఉన్నట్టు. ఇంకోటి, వాగు. మీ బడికి పోయే దారిలో లో లెవల్ వంతెన ఉందని మీ అమ్మ చెప్పింది. నీళ్లు పైనుంచి పారుతుంటే స్కూటీ దించకు. "మోకాలు లోతే కదా" అంటావు, నీ మొండితనం నాకు తెలియదా, మూడేళ్లప్పుడే మా ఇంట్లో నీళ్ల గోలెంలో దిగినదానివి. ఆ పూట నా ఒళ్లో వణుక్కుంటూ పడుకున్నావు, నీ తల తుడిచిన తువ్వాలు ఇప్పటికీ బీరువాలో ఉంది. బడి ఒక రోజు ఆలస్యమైతే ఏం కాదు. బోర్డు ఖాళీగా ఉన్నా ఏం కాదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. 2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. మీటరు నేల మీద దగ్గర దగ్గర 650 లీటర్లు, పదిహేను లీటర్ల బిందెలతో లెక్కేస్తే నలభైకి పైనే. అదే పొద్దున భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని వాగు ముంచేసింది, జనం ఇళ్ల కప్పులెక్కారు. ఆ తేదీ వచ్చినప్పుడు నీకు రాయాలనిపిస్తుంది. రాయి, కానీ "రికార్డు వర్షం" అని వింత సంగతుల వరుసలో పెట్టకు. ఆ దిక్కు చుట్టాలున్నవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు. నేనైతే ఆ రోజు ఇంకేమీ రాయను.

వింతలకు ఏం కొదవ. తొలకరికి ఆరుద్ర పురుగు వస్తుంది చూడు, ఎర్ర మఖమలు ముక్కలా. అరచేతిలో పెట్టుకుంటే కాళ్లు ముడుచుకుని కాసేపు కదలదు, తరువాత మెల్లగా ఒక్కో కాలూ బయటికి తీస్తుంది. లెక్కపెట్టించు, ఎనిమిది వస్తాయి. పురుగంటాం కానీ అది సాలెపురుగు చుట్టం. చూశాక మళ్లీ మట్టిలో వదిలిపెట్టించు.

చివరి వరుస, మనసులో మాట. దీనికి నేనేం సలహా ఇవ్వను, ఒకటి తప్ప: ఇంకొకరి ఇంటి సంగతి రాయకు, మంచిదైనా సరే. నీది నువ్వు రాయి, చిన్నదైనా. మీ అమ్మమ్మ పోయాక సెలవు అయిపోయి బడికి వచ్చిన రోజు నాకు ఏమీ తోచలేదు. "ఇవాళ పొద్దున నన్ను ఎవరూ టీ తాగావా అని అడగలేదు" అని రాశాను. పదకొండు గంటలకు వంటామె గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆ తరువాత నేను ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా రోజూ తెచ్చింది. ఆమెకు అక్షరాలు రావనుకునేదాన్ని. మా పిల్లల దగ్గరే ఎప్పుడో నేర్చుకుందట, ఆ బోర్డు చూసే.

నా నోటు పుస్తకాలు పదకొండు ఉన్నాయి, ఏడాదికొకటి. వచ్చే వారం మీ అమ్మతో పంపిస్తాను, పాలిథిన్ కవర్లో పెట్టు, వానకు తడవనివ్వకు. నాలుగో పుస్తకంలో మార్చి పేజీ మడత పెట్టి ఉంటుంది. ఆ మడత విప్పకు.

మొదటి రోజు బోర్డు ఫొటో తీసి పంపు. తప్పులుంటే ఆ రాత్రే ఫోన్ చేస్తాను, పడుకోకుండా ఉండు.

మీ పెద్దమ్మ,
హనుమకొండ