కాంతితో కాలేయ పరీక్ష వచ్చేదాకా ఆగవచ్చా?

ప్రశ్న: నా వయసు 52. కొన్నేళ్లుగా షుగర్ ఉంది. ఈమధ్య అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని తేలింది. కాలేయ ఎంజైములైన ఎస్‌జీవోటీ 48, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 1.9 లక్షలు ఉన్నాయి. బయాప్సీ అవసరం కావచ్చని డాక్టర్ అన్నప్పటి నుంచి భయంగా ఉంది. రక్తపు చుక్కపై కాంతి పడేలా చేసి, కంప్యూటర్ సాయంతో కాలేయ జబ్బును గుర్తించే పరీక్ష వస్తోందని చదివాను. అప్పటివరకు ఆగవచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు చదివిన పరిశోధన నిజమే కానీ, మీరు దాని కోసం ఆగవద్దు. మీకు ఇప్పుడు తేలవలసింది కాలేయంలో కొవ్వుతో పాటు మచ్చకణజాలం, అంటే ఫైబ్రోసిస్, ఏ మేరకు పేరుకుందన్నది. అది తెలుసుకోవడానికి కావలసిన అంకెలు చాలావరకు మీ ఉత్తరంలోనే ఉన్నాయి.

ముందుగా ఆ కాంతి పరీక్ష సంగతి చూద్దాం. సీరంపై, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంపై, లేజర్ కాంతి పడినప్పుడు, అందులో అతి స్వల్ప భాగం తరంగదైర్ఘ్యం మారి వెదజల్లబడుతుంది. 1928లో సి.వి. రామన్ కలకత్తాలో కనుగొన్నది ఈ మార్పునే. పరారుణ కాంతితో చేసే పరీక్షలో అయితే, ప్రొటీన్లు, కొవ్వులు తమకు తగిన తరంగాలను పీల్చుకున్న తీరును గ్రాఫుగా నమోదు చేస్తారు. సిరోసిస్, అంటే కాలేయమంతా మచ్చలు కట్టి గట్టిపడే దశ, ముదిరినకొద్దీ రక్తంలో ఆల్బుమిన్ తగ్గి గ్లోబ్యులిన్లు పెరుగుతాయి. ఈ రెండింటి అణువుల మడతలు వేరు కావడంతో గ్రాఫులో ప్రొటీన్లకు సంబంధించిన శిఖరం ఆకారం కొద్దిగా మారుతుంది. వందల బిందువులున్న ఆ గ్రాఫులో ఇంత సూక్ష్మమైన తేడాను కంటితో పట్టుకోలేం కనుక, జబ్బు నిర్ధారణ అయినవారి నమూనాలతో మెషీన్ లెర్నింగ్ ప్రోగ్రామ్‌కు శిక్షణ ఇస్తారు.

చిక్కు ఇక్కడే ఉంది. ఆరోగ్యవంతులను, సిరోసిస్ రోగులను విడదీయడం ప్రోగ్రామ్‌కు అంత కష్టం కాదు, ఆ మాటకొస్తే మా డాక్టర్లకూ కాదు. మీలాంటి మధ్యస్థ దశలోని వారి విషయంలోనే అసలు పరీక్ష. మీ షుగర్, పరీక్షకు ముందు తిన్న భోజనంలోని కొవ్వు కూడా అదే గ్రాఫును మారుస్తాయి. పైగా ప్రోగ్రామ్‌కు సరైన సమాధానంగా చూపేది చాలాసార్లు బయాప్సీ ఫలితాన్నే. సూదితో తీసే ముక్క మొత్తం కాలేయంలో సుమారు 50,000వ వంతు మాత్రమే కాబట్టి, అందులోని పొరపాట్లు కూడా పాఠంలో చేరిపోతాయి. ఒకే రోగి నుంచి తీసిన పలు గ్రాఫులలో కొన్నింటిని శిక్షణకు, మిగిలినవాటిని పరీక్షకు వాడితే కచ్చితత్వం గొప్పగా కనిపిస్తుంది, కానీ అది నమ్మదగ్గది కాదు. కాబట్టి ఇలాంటి వార్త చదివినప్పుడు, వేరే ఆసుపత్రి రోగులపై, వేరే యంత్రంతో ఆ ఫలితం నిలబడిందా అని చూడండి.

ఇక మీ అంకెలకు వద్దాం. వయసును ఎస్‌జీవోటీతో గుణించి, వచ్చినదాన్ని, వేలల్లో లెక్కించిన ప్లేట్‌లెట్ల సంఖ్యను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించగా వచ్చే లబ్ధంతో భాగిస్తే ఫిబ్-4 అనే స్కోరు వస్తుంది. మీ విషయంలో 52ను 48తో గుణించి, 190, 8 లబ్ధంతో భాగిస్తే సుమారు 1.64. ఇది 1.3 కంటే తక్కువగా ఉంటే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే ఎక్కువ. మీరు మధ్యలో ఉన్నారు కాబట్టి తర్వాతి మెట్టు బయాప్సీ కాదు, ఫైబ్రోస్కాన్. పక్కటెముకల మధ్య ఉంచిన ప్రోబ్ పంపే చిన్న కంపనం కాలేయంలో ఎంత వేగంగా సాగుతుందో కొలిచి, అది ఎంత గట్టిపడిందో ఈ పరీక్ష చెబుతుంది. సూది ఉండదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

ఫలితం 8 కిలోపాస్కల్స్ (గట్టిదనాన్ని చెప్పే కొలమానం) లోపు వస్తే షుగర్‌ను అదుపులో ఉంచుకుంటూ, అధిక బరువుంటే మొత్తం శరీర బరువులో 7 నుంచి 10 శాతం తగ్గించి, ఏడాది రెండేళ్లకోసారి ఫిబ్-4 చూసుకుంటే సరిపోతుంది. అంతకు మించితే కాలేయ నిపుణుణ్ని కలవండి. పరీక్షలు ఒకదానితో ఒకటి పొసగకపోయినా, మరో కాలేయ జబ్బుందని అనుమానం వచ్చినా అప్పుడు బయాప్సీ గురించి ఆలోచిస్తారు. హెపటైటిస్ బి, సి పరీక్షలు ఇదివరకు చేయించుకోకపోతే ఇప్పుడే చేయించండి. మద్యం అలవాటు సంగతి మీరు రాయలేదు. ఉంటే డాక్టర్‌కు దాచకుండా చెప్పి, పూర్తిగా మానేయండి. ఫైబ్రోస్కాన్‌కు కనీసం 3 గంటల ముందు నుంచి ఏమీ తినకుండా వెళ్లాలి. షుగర్ మాత్రలు లేదా ఇన్సులిన్ ఆ రోజు ఏ సమయంలో తీసుకోవాలో ముందుగానే డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి.