పాట లేని 'లా బొహీమ్'

ప్రశ్న: 'లా బొహీమ్' అనగానే ఇటలీ స్వరకర్త పుచ్చీని ఓపెరా (పాటలతో సాగే నాటకం) సంగీతమే గుర్తుకు వస్తుంది. ఆ కథను 1926లో మూకీ చిత్రంగా తీశారని చదివాను. పాటే లేనప్పుడు అందులో చూడడానికి ఏం మిగులుతుంది?

జవాబు: ఆ కథ పాటగా పుట్టినది కాదు. పారిస్‌లోని లాటిన్ క్వార్టర్‌లో అద్దె కట్టలేక, చలికాలంలో పొయ్యి వెలిగించుకోలేక రోజులు నెట్టుకొచ్చిన కవుల గురించి, చిత్రకారుల గురించి ఫ్రెంచి రచయిత ఆన్రీ ముర్జే 1840లలో ఒక పత్రికకు విడివిడి కథలుగా రాసి, 1851లో వాటిని పుస్తకంగా వెలువరించాడు. పుచ్చీని ఓపెరా టురిన్‌లో తొలిసారి ప్రదర్శితమైనది 1896లో. హాలీవుడ్‌లోని ఎం.జి.ఎం. చిత్ర నిర్మాణ సంస్థ కింగ్ విడార్ దర్శకత్వంలో ఈ చిత్రాన్ని తీసినప్పుడు ఆ సంగీతాన్ని వాడుకునే హక్కులు దొరకకపోవడంతో, విలియం ఆక్స్ట్, డేవిడ్ మెండోజా వేరే సంగీతం సమకూర్చవలసి వచ్చింది. ఆ లోటు చిత్రానికి మేలే చేసిందని నా నమ్మకం.

ఓపెరాలో కథానాయిక మిమీ బాధ ఎంత గాఢమైనదైనా గానమాధుర్యంలో కొంత కరిగిపోతుంది. ఇక్కడ ఆ ఆసరా లేదు కనుక ఆమె పడే కష్టాన్ని శరీరంతోనే చెప్పవలసి వచ్చింది. ఆమె ప్రియుడు, రచయిత అయిన రోడాల్ఫ్‌కు పత్రికలో పని పోయిందన్న సంగతి అతనికి తెలియనివ్వకుండా, అతను నాటకం పూర్తి చేసుకోవడానికి మిమీ రాత్రులు మేలుకొని బట్టలు కుట్టి సంపాదిస్తుంది. కళాకారుడి పేదరికాన్ని చూపే కథలు చాలానే ఉన్నాయి కానీ, ఆ పేదరికం భారాన్ని పక్కనున్న మనిషి ఎలా మోస్తుందో ఇంత స్పష్టంగా చూపినవి అరుదు. చివరికి క్షయ ముదిరిన మిమీ, వెళుతున్న బండి వెనుక పట్టుకొని వేలాడుతూ, రాళ్ళు పరిచిన వీధుల మీద ఈడ్చుకుపోతూ ప్రియుడి గది చేరడానికి పారిస్ నగరమంతా దాటుతుంది. ఆ ఘట్టంలో మిమీగా లిలియన్ గిష్ నటన చూశాక, మాట లేదన్న సంగతే మనకు గుర్తుండదు.

ప్రశ్న: మరణ దృశ్యం కోసం ఆమె మూడు రోజులు నీళ్ళు కూడా ముట్టలేదంటారు. నిజమేనా?

జవాబు: విడార్ తన ఆత్మకథలో అలాగే రాశాడు. పెదవులు ఎండిపోయి కనిపించాలని ఆమె ద్రవాహారం మానేసిందనీ, చిత్రీకరణలో ఎంతసేపటికీ ఊపిరి కదలకపోవడంతో తాను నిజంగానే భయపడ్డాననీ ఆయన చెప్పాడు. అంతకుముందు ఆమె ఆసుపత్రికి వెళ్ళి క్షయ రోగులను గమనించి వచ్చింది కూడా. అయితే ప్రేమ సన్నివేశాలలో ఇంత బలం లేదన్నది ఒప్పుకోవాలి. నాయికా నాయకులు ముద్దులూ కౌగిలింతలూ లేకుండా, దూరంగా ఉండే ప్రేమించుకోవాలని గిష్ పట్టుబట్టింది. అది నచ్చక సంస్థ కొన్ని సన్నివేశాలను మళ్ళీ తీయించింది. రోడాల్ఫ్‌గా నటించిన జాన్ గిల్బర్ట్ ఉద్వేగానికీ ఆమె నిగ్రహానికీ అక్కడ పొత్తు కుదరలేదు. అందువల్ల మొదటి భాగాన్ని కొంత ఓపికగా చూడండి. మిమీ సూది చేతబట్టినప్పటి నుంచి చిత్రం పూర్తిగా ఆమెదే.