ఏఐ బొమ్మలు సర్దే సాఫ్ట్‌వేర్ ఏది? ముందు ఒరిజినల్ పీఎన్‌జీలు జాగ్రత్త

పదివేల పైచిలుకు ఏఐ బొమ్మలు హార్డ్‌డిస్క్‌లో కలగాపులగం అయిపోయాయి, కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే దొరుకుతాయి అని అడిగారు కదండీ. నాకు గాజువాకలో ఫ్లెక్సీల షాపు ఉంది, రెండేళ్లుగా బ్యాక్‌గ్రౌండ్లన్నీ స్టేబుల్ డిఫ్యూజన్ అనే ఏఐ బొమ్మల మోడల్‌తోనే చేస్తున్నాను, మీ బాధ నేను పడ్డదే.

సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఒక మాట. స్టేబుల్ డిఫ్యూజన్‌ని నడిపే ఆటోమేటిక్1111 ప్రోగ్రాంలో చేసిన పీఎన్‌జీ బొమ్మ ఫైల్ లోపలే మీరు రాసిన ప్రాంప్ట్ (ఎలాంటి బొమ్మ కావాలో చెప్పే మాటలు), సీడ్ నంబరు (అదే బొమ్మ మళ్లీ రావడానికి కావాల్సిన అంకె), మోడల్ పేరు మామూలుగా సేవ్ అయి ఉంటాయి. అలాంటిదే ఇంకో ప్రోగ్రాం కంఫీయూఐలో అయితే, అందులో చేసిన పీఎన్‌జీని లాక్కొచ్చి విండోలో వదిలితే వర్క్‌ఫ్లో (బొమ్మ తయారైన దశలు) మొత్తం తెరుచుకుంటుంది. అదే బొమ్మని వాట్సాప్‌లో ఫొటోగా పంపారంటే అవన్నీ పోతాయి. పోయినేడు జాలరిపేట నుంచి ఒకాయన వచ్చి, వాళ్ల అన్నయ్య పెళ్లికి వేసిన బ్యాక్‌గ్రౌండే తనకీ కావాలన్నారు: తెల్లవారుజామున డాల్ఫిన్స్ నోస్ కొండ, ముందు రెండు పడవలు, నీళ్ల మీద పసుపు వెలుగు. నా దగ్గర మిగిలింది వాట్సాప్ కాపీ ఒక్కటే. రాత్రి పదకొండున్నర దాకా ప్రాంప్ట్ గుర్తు తెచ్చుకుని మళ్లీ మళ్లీ రాసినా ఆ కొండ వాలు, ఆ వెలుగు రాలేదు. ఆయన సర్దుకుపోయారు గానీ నాకు మనసొప్పలేదు.

ఇప్పుడు నేను వాడేది డిఫ్యూజన్ టూల్‌కిట్. ఉచితం, విండోస్‌కి. ఫోల్డర్ చూపిస్తే ఫైళ్లని కదపకుండా లోపలి ప్రాంప్ట్‌లు చదివి డేటాబేస్‌లో పెట్టుకుంటుంది, బోట్ అని ఇంగ్లిష్‌లో కొడితే ప్రాంప్ట్‌లో ఆ మాటున్న బొమ్మలన్నీ వస్తాయి. కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడు దీని విలువ తెలుస్తుంది.

ఈగిల్ అని ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, చూడ్డానికి బాగుంటుంది, రంగుని బట్టి కూడా వెతకొచ్చు. కానీ డబ్బు కట్టాలి, పైగా ప్రతి ఫైల్‌నీ తన లైబ్రరీలోకి కాపీ చేసుకుంటుంది కాబట్టి డిస్క్ చిన్నదైతే ఇబ్బంది. కెమెరా ఫొటోలు కూడా కలిసి ఉంటే, లేదా లినక్స్ వాడుతుంటే, డిజీకామ్ చూడండి, అదీ ఉచితమే.

ఏది పెట్టుకున్నా కస్టమర్‌కి పంపేటప్పుడు కాపీ పంపండి, ఒరిజినల్‌ని ముట్టుకోకండి. టూల్‌కిట్‌లో మీరిచ్చే రేటింగులు డేటాబేస్‌లో ఉంటాయి, బ్యాకప్ తీసినప్పుడు బొమ్మలతో పాటు ఆ డేటాబేస్ ఫైల్ కూడా తీసుకోండి.