మెచ్చుకోలు వేరు, ఆదరణ వేరు

ప్రశ్న: సైకాలజీలో ఎం.ఎస్సీ. చేసి, గాజువాకలోని ఒక కౌన్సెలింగ్ కేంద్రంలో ఆరు నెలలుగా పనిచేస్తున్నాను. వచ్చినవాళ్లతో ఆప్యాయంగా మాట్లాడతాను, ‘అంతా సర్దుకుంటుంది’ అని ధైర్యం చెబుతాను. అయినా కొందరు మూడోసారికల్లా ముభావంగా మారిపోతున్నారు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ ఆప్యాయతను శంకించక్కర్లేదు. అది మెచ్చుకోలుగా, ఓదార్పుగా బయటికొస్తోంది, చిక్కంతా అక్కడే. అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957 నాటి వ్యాసంలో, మనిషిలో మార్పు రావడానికి కావాల్సినవాటిలో షరతుల్లేని ఆదరణను ఒకటిగా చెప్పారు. మెచ్చుకోలుకు షరతు ఉంటుంది. బాగా చేస్తేనే అది దక్కుతుంది.

తాగుడు మానాలని వస్తున్న ఒకాయన ‘నెల్లాళ్లు ముట్టలేదండి’ అన్నాడనుకోండి. మీరు ‘శభాష్, గర్వంగా ఉంది’ అంటే, రేపు తాగిన రోజున మీకు మొహం చూపించలేడు. దాస్తాడు, లేదా రావడమే మానేస్తాడు. దాని బదులు ‘ఈ నెల్లాళ్లూ ఎలా గడిచింది?’ అని అడగండి.

అదే మనిషి ‘మళ్లీ తాగానండి’ అన్నప్పుడు, మీరు నోరు తెరిచేలోపే మీ మొహం చదివేస్తాడు. కనుబొమలు ముడిపడ్డాయా, వెనక్కి జరిగారా, పెన్ను అందుకున్నారా అని చూస్తాడు. పెన్ను కదపకండి. ఒక్క క్షణం ఆగి, ‘ఈ మాట ఇక్కడికొచ్చి చెప్పడం తేలిక కాదు. ఆ సాయంత్రం ఏం జరిగింది?’ అనండి. ‘ఎందుకు తాగారు?’ అనొద్దు. మన ఇళ్లలో ‘ఎందుకు’ అనేది తిట్టే ముందు వచ్చే మాట. ‘పర్లేదులెండి’ కూడా వద్దు, ఆయన బాధ మీద మూత పెట్టినట్టవుతుంది. తాగడాన్ని మీరు సమర్థించడం లేదు, మనిషిని తోసెయ్యడం లేదు. ఈ రెండూ ఒకేసారి ఆయనకు తెలియాలి.

మీ దగ్గరికొచ్చిన ఒకావిడ ‘బెంగగా ఉంది’ అంటే మీరూ ‘బెంగ’ అనే అనండి, ‘డిప్రెషన్’ అని మార్చకండి. వయసులో చిన్నవాళ్లనైనా ‘మీరు’ అనే మొదలుపెట్టి, ఎలా పిలవమంటారో అడగండి. కన్నీళ్లు రాగానే టిష్యూ చేతికిస్తే, ఇక ఆపమన్నట్టు తోచవచ్చు. డబ్బా వాళ్ల చేతికందేలా ముందే ఉంచండి. కుర్చీలు కాస్త ఏటవాలుగా వేసి, గడియారాన్ని వాళ్ల వెనక గోడకు పెట్టించండి. మాటిమాటికీ మణికట్టు చూసుకుంటే మీ ఆదరణ అంతా వృథా.

ఒక క్లయింట్ మీద మీకు మనసులో విసుగు పుడితే చిరునవ్వు పులుముకోకండి, అది తెలిసిపోతుంది. సూపర్‌వైజర్‌తో మాట్లాడండి. చాలాసార్లు ఆ మనిషి కథ మనకు సగమే తెలియడం వల్ల వచ్చే విసుగు అది.

ప్రశ్న: కాలేజీ కుర్రాణ్ని తల్లి వెంటబెట్టుకొచ్చింది. బయటికి రాగానే ‘ఏం చెప్పాడమ్మా?’ అని నిలదీసింది. ఆవిడ మనసు నొప్పించకుండా ఎలా?
– అదే పాఠకురాలు

జవాబు: మొదటి రోజే ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పేయండి. ఇక్కడి మాటలు బయటికి పోవు, ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం ఇంట్లో చెప్పక తప్పదు అని. మానసిక చికిత్సలో గోప్యతను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హక్కుగా గుర్తించింది. వరండాలో అడిగితే, ‘మీ ఆరాటం అర్థమైందమ్మా. మీ అబ్బాయి సరేనంటే వచ్చేసారి ముగ్గురం కూర్చుందాం’ అనండి. ఆ జవాబు కుర్రాడి చెవిన పడేలా, అతని ఎదుటే ఇవ్వండి.