ఎముక అతుక్కోవడం ఆలస్యమైతే మూలకణాల ఇంజెక్షన్ అవసరమా?

నాన్నగారి మోకాలి కింది ఎముక విరిగి ఐదు నెలలైనా పూర్తిగా అతుక్కోలేదని, మూలకణాల (స్టెమ్ సెల్స్, అంటే ఇతర కణాలుగా మారగల కణాల) ఇంజెక్షన్ చేయించాలా అని అడిగారు. మీ ఆందోళన అర్థమవుతోంది. అయితే ఆ కణాలు ఆయన శరీరంలో ఇప్పటికే ఉన్నాయి. ఎముకను కప్పి ఉండే పలుచని పొరలోనూ, లోపలి మజ్జలోనూ ఉండే మూలకణాలు, విరిగిన చోట వెలువడే రసాయన సంకేతాలను అందుకొని, వేగంగా విభజన చెందుతాయి. మజ్జలోని కణాలకు ఎముకను నిర్మించే శక్తి ఉందని 1960వ దశకంలోనే సోవియట్ శాస్త్రవేత్త ఫ్రీడెన్‌స్టీన్ చూపించారు.

అసలు విషయం పరిసరాలది. రక్తప్రసరణ బాగుండి, ముక్కలు కదలకుండా ఉన్నచోట ఈ కణాలు నేరుగా ఎముకను నిర్మిస్తాయి; ప్రాణవాయువు తక్కువగా ఉండి, కొద్దిపాటి కదలిక ఉన్నచోట ముందు మృదులాస్థి (మెత్తని ఎముక, కార్టిలేజ్) ఏర్పడి, అదే క్రమంగా ఎముకగా మారుతుంది; కదలిక మితిమీరితే పీచు కణజాలమే మిగిలిపోతుంది. అటువంటి చోట బయటినుంచి కణాలను ఎక్కించినా ప్రయోజనం సందేహమే.

కాబట్టి ఎముక కదలకుండా వేసిన రాడ్డు లేదా ప్లేటు బిగువుగా ఉందా, లోపల ఇన్‌ఫెక్షన్ ఉందా, మధుమేహం, విటమిన్ డి లోపం ఉన్నాయా అన్నది ముందు పరీక్షించమని అడగండి. పొగతాగే అలవాటుంటే తప్పనిసరిగా మాన్పించండి. సాధారణంగా తొమ్మిది నెలలు గడిచి, చివరి మూడు నెలల్లో ఎక్స్‌రేలో మార్పు లేకపోతేనే అతుకు పడలేదని నిర్ధారిస్తారు. అప్పుడు కూడా కటి ఎముక నుంచి తీసి అమర్చే ముక్కే చిరకాలంగా నమ్మదగిన మార్గం. అందులో సజీవ మూలకణాలూ ఉంటాయి. తదుపరి సంప్రదింపుకు పాత ఎక్స్‌రేలన్నీ తేదీల వరుసలో తీసుకువెళ్ళండి.